పాఠకుల ప్రశ్నలు: ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కే ముందు

కొంతకాలంగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో పెద్ద ఇంటర్నెట్ కంపెనీల గురించి అడిగేవే ఎక్కువగా ఉంటున్నాయి. ఢిల్లీలోనో, వాషింగ్టన్‌లోనో వెలువడిన తీర్పు తమ అంగడికి, తమ మగ్గానికి, తమ పిల్లల చదువుకు ఏ విధంగా తగులుతుందని మన జిల్లాల పాఠకులు అడుగుతున్నారు. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి ఆరింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాది మగ్గం మీద బతికే కుటుంబం. నాలుగేళ్ల నుండి షావుకారుకు వేయడంతో పాటు వాట్సాప్ ద్వారా కూడా చీరలు అమ్ముకుంటున్నాము. మూడు వందల మంది దాకా కొనేవాళ్లు మా ఫోనులోనే ఉన్నారు. వాట్సాప్‌కు 213 కోట్ల జరిమానా వేశారని ఒకసారి, నిషేధం ఎత్తేశారని ఇంకొకసారి పేపర్లో చదివాము. మా వివరాలు ఫేస్‌బుక్‌కు పోతున్నాయా, లేదా?
— ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో రెండు సంగతులు కలిసిపోయాయి, వాటిని విడదీసి చూద్దాము. మీరు కొనేవారికి పంపే మాట, చీర ఫొటో, ధర గురించి సాగే బేరం 2016 నుండి మీ ఫోనులో తాళం పడి, అవతలివారి ఫోనులో మాత్రమే తాళం తెరుచుకునే పద్ధతిలో వెళ్తున్నాయి. నడుమ ఉన్న కంపెనీ వాటిని చదవలేదు. పెద్ద సంస్థలు తమకు వచ్చే సందేశాలను చూసుకునే పనిని వేరొకరికి అప్పగించినప్పుడు ఆ మాటలు వారి చేతికి కూడా చేరుతాయి కానీ, మీలాగా నేరుగా ఫోను నుండే మాట్లాడుకునేవారికి ఆ భయం లేదు.

అయితే ఉత్తరం లోపలి రాత వేరు, కవరు పైన కనబడే వివరం వేరు. మీ నంబరు ఏది, మీ ఫోను ఏ రకానిది, ఏ ఇంటర్నెట్ చిరునామా నుండి వాడుతున్నారు, ఎటువంటి వ్యాపారాలతో ఏ విధంగా వ్యవహరిస్తున్నారు అనేవి కవరు మీది వివరాల వంటివి. వీటిని ఫేస్‌బుక్‌ను కూడా నడిపే మాతృసంస్థ మెటాలోని ఇతర కంపెనీలతో పంచుకుంటామని వాట్సాప్ తన నిబంధనలలోనే రాసుకుంది. ఇన్నేళ్లుగా నడుస్తున్న తగాదా అంతా ఈ వివరాల గురించే.

దీని మూలం 2014లో ఉంది. ఆ సంవత్సరం ఫేస్‌బుక్ (నేటి మెటా) వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2016లో నిబంధనలు మార్చి వివరాలు పంచుకోవడం మొదలుపెట్టినప్పుడు, అప్పటికే వాట్సాప్ వాడుతున్నవారికి ప్రకటనల కోసం తమ వివరాలు వాడవద్దని 30 రోజులలోగా చెప్పే వీలు ఇచ్చారు. 2021 జనవరిలో వచ్చిన మార్పులో ఆ వీలు కూడా లేకుండా పోయింది. ఒప్పుకుంటే ఉండండి, ఒప్పుకోకపోతే వదిలి వెళ్లండి అన్నదే దాని సారం. నంబర్లన్నీ, బంధువులందరూ, బేరాలన్నీ అందులోనే ఉన్న మనిషి వదిలి ఎక్కడికి వెళ్లగలడు? ఆ ఏడాది మార్చిలో, వ్యాపారాలలో పోటీకి భంగం కలగకుండా చూసే భారత కాంపిటీషన్ కమిషన్ ఎవరూ ఫిర్యాదు చేయకముందే తనంతట తాను విచారణకు పూనుకున్నది ఇందుకే. 2024 నవంబరు 18న కమిషన్ 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించి, ప్రకటనల అవసరానికి వివరాలు పంచుకోవడాన్ని ఐదేళ్లపాటు నిషేధించింది. మెటా అప్పీలుకు వెళ్లగా, కమిషన్ ఉత్తర్వులపై అప్పీళ్లు వినే జాతీయ కంపెనీ లా అప్పిలేట్ ట్రైబ్యునల్ 2025 జనవరిలో ఆ నిషేధాన్ని తాత్కాలికంగా ఆపి, నవంబరు 4న ఇచ్చిన తీర్పులో జరిమానాను నిలిపి, ఐదేళ్ల నిషేధాన్ని కొట్టివేసింది. వాట్సాప్ సేవకు అవసరం లేని పనులకు వివరాలు వాడాలంటే వాడేవారికి ఎంపిక ఉండి తీరాలన్న ఆదేశం ప్రకటనలకు కూడా వర్తిస్తుందని డిసెంబరులో అదే ట్రైబ్యునల్ స్పష్టం చేసింది. మీరు చదివిన రెండు వార్తలూ నిజమే.

నా అభిప్రాయంలో 213 కోట్లన్నది అంత పెద్ద కంపెనీకి భారమైన మొత్తం కాదు. ‘వద్దు’ అని చెప్పినా సేవ ఆగకూడదన్న సూత్రమే ఇందులో విలువైనది. కాబట్టి ఇకమీదట వాట్సాప్‌లో నిబంధనల మార్పు గురించిన ప్రకటన కనబడినప్పుడు వెంటనే నొక్కివేయకుండా, వద్దనే అవకాశం ఎక్కడ ఉందో వెతికి చూడండి.

ఇంకొక మాట కూడా చెప్పవలసి ఉంది. షావుకారు ఒక్కడి మీదే ఆధారపడే స్థితి నుండి మీ కుటుంబం ఎంతో శ్రమపడి బయటికి వచ్చింది. మూడు వందల మంది కొనేవారు ఒక్క కంపెనీ యాప్‌లోనే ఉంటే, ఆ ఆధారపడటం వేరొక రూపంలో తిరిగి వచ్చినట్టే. 2025 జూన్‌లో వాట్సాప్ స్టేటస్‌లు కనబడే భాగంలోకి ప్రకటనలు తెస్తున్నట్టు ప్రకటించారు. మీ చీర పక్కనే వేరొకరి చీర ప్రకటన వచ్చే రోజు దూరంలో లేదు. ఈ వారమే ఒక లెక్కల పుస్తకం తీసి, ప్రతి కొనుగోలుదారు పేరు, నంబరు, ఊరు, ఏ రంగు, ఏ అంచు కొన్నారో మీ చేతితో రాసి పెట్టుకోండి. ఆ పుస్తకం ఏ తీర్పుతోనూ, ఏ నిబంధనతోనూ పోదు.

ప్రశ్న: గూగుల్ గుత్తాధిపత్యం చేస్తోందని అమెరికా కోర్టు తేల్చింది కదా, మరి క్రోమ్ బ్రౌజరును అమ్మివేయాలన్న మాట ఎందుకు నిలవలేదు? మన దేశంలోని కేసు ఏమయింది?
— డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: ముందు తప్పు ఏమిటో అర్థం చేసుకుంటే శిక్ష సంగతి తేలికగా అర్థమవుతుంది. కర్నూలు బస్టాండులో దిగిన ప్రతి ప్రయాణికుడినీ మొదట తన హోటలుకే తీసుకురమ్మని ఒక యజమాని ఆటోవారందరికీ ప్రతి నెలా డబ్బు ఇస్తున్నాడని అనుకోండి. వేరే హోటలుకు వెళ్లవద్దని ప్రయాణికుడికి ఎవరూ చెప్పలేదు, అయినా అలసి దిగినవాడు ఆటో ఆగిన చోటే తింటాడు. కొన్నాళ్లకు పక్క హోటళ్లలో పొయ్యి వెలగదు. గూగుల్ కూడా ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చ్‌నే ముందుగా అమర్చి ఉంచడానికి ఆపిల్ వంటి కంపెనీలకు డబ్బు చెల్లిస్తూ వచ్చింది. 2021 ఒక్క సంవత్సరంలోనే ఆ చెల్లింపులు 2,630 కోట్ల డాలర్లని విచారణలో బయటపడింది. ఇది చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యమేనని న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టు 5న తీర్పు ఇచ్చారు.

శిక్ష విషయంలో అమెరికా ప్రభుత్వం క్రోమ్‌ను విడదీసి అమ్మించాలని కోరింది. 2025 సెప్టెంబరు 2న వచ్చిన ఉత్తర్వులో న్యాయమూర్తి దానికి అంగీకరించలేదు. మరెవరినీ రానీయకుండా చేసే ప్రత్యేక ఒప్పందాలను నిషేధించి, సెర్చ్‌కు సంబంధించిన కొంత సమాచారాన్ని అర్హత గల పోటీదారులకు ఇవ్వాలని ఆదేశించి, డబ్బు చెల్లింపులను మాత్రం పూర్తిగా ఆపలేదు. కృత్రిమ మేధ (ఏఐ) కంపెనీల రాకతో వెతుకులాట వ్యాపారమే మారిపోతోందన్న ఆలోచన ఆ ఉత్తర్వులో స్పష్టంగా కనబడుతుంది. ఆటోవారికి డబ్బు ఇవ్వడం సాగుతున్నంత కాలం పక్క హోటలువాడికి పెద్దగా ఒరిగేది ఉండదని నేను భావిస్తున్నాను. ఈ విషయంలో ఆ ఉత్తర్వు మెతకగా ఉంది.

మన దేశం ఈ పనిని ముందే మొదలుపెట్టిందని మీ వంటి విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ప్లే స్టోర్‌లో యాప్‌ల చెల్లింపులన్నీ తన పద్ధతిలోనే జరగాలన్న నిబంధనకు అదే నెలలో మరో 936.44 కోట్లు వేసింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆండ్రాయిడ్ కేసులో స్టే ఇవ్వడానికి నిరాకరించిన తరువాత, గూగుల్ తన యాప్‌లను విడివిడిగా తీసుకునే వీలును ఫోను తయారీదారులకు, ఏ సెర్చ్ కావాలో ఎంచుకునే వీలును వాడేవారికి ఇస్తామని ప్రకటించింది. ఆ మార్చిలో పైన చెప్పిన అప్పిలేట్ ట్రైబ్యునలే మొదటి జరిమానాను పూర్తిగా నిలబెట్టి, కమిషన్ ఇచ్చిన ఆదేశాలలో నాలుగింటిని తొలగించింది. ప్లే స్టోర్ జరిమానాను మాత్రం 2025 మార్చిలో 216.69 కోట్లకు తగ్గించింది.

గుత్తాధిపత్య కేసులన్నీ ఒకే దారిలో నడవవని చెప్పడానికి మెటా కేసు చూడండి. ఇన్‌స్టాగ్రామ్‌ను, వాట్సాప్‌ను కొనడం పోటీని చంపడానికేనని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన దావాను 2025 నవంబరు 18న న్యాయమూర్తి జేమ్స్ బోస్‌బర్గ్ అంగీకరించలేదు. టిక్‌టాక్, యూట్యూబ్ వంటివి పోటీలో ఉండగా ఈనాడు మెటాకు గుత్తాధిపత్యం ఉన్నట్టు నిరూపణ కాలేదన్నది ఆయన నిర్ణయం. కొన్నది 2012లో, 2014లో. తీర్పు వచ్చింది 2025లో. విలీనానికి అనుమతి ఇచ్చే నాడే ప్రశ్నించకపోతే తరువాత విడదీయడం ఎంత కష్టమో దీనివల్ల తెలుస్తుంది.

ప్రశ్న: మాది కడపలో చిన్న టిఫిన్ హోటలు. కారం దోసె తిన్నవాళ్లలో పదిమందికి ఎనిమిది మంది ఫోనుతోనే డబ్బు కొడుతున్నారు. ఫోన్‌పే, గూగుల్ పే వాళ్లు ఇకమీదట మా దగ్గర కమీషను పట్టుకుంటారని అందరూ అంటున్నారు. నిజమేనా?
— హోటలు యజమాని, కడప

జవాబు: బ్యాంకు ఖాతా నుండి నేరుగా జరిగే యూపీఐ చెల్లింపుకు వ్యాపారి నుండి రుసుము వసూలు చేయకూడదన్న నియమం 2020 జనవరి నుండి ఉంది. రుసుము వస్తుందన్న ప్రచారం 2025 జూన్‌లో జోరుగా సాగినప్పుడు కేంద్ర ఆర్థిక శాఖ దానిని ఖండించింది. వ్యాలెట్ వంటి ముందస్తు చెల్లింపు ఖాతాల నుండి 2,000 రూపాయలకు మించి వచ్చే మొత్తాల విషయంలో మాత్రం 2023 ఏప్రిల్ నుండి వేరే లెక్క ఉంది. నలభై, యాభై రూపాయల టిఫిన్‌కు అది తగలదు.

మీరు కంగారు పడవలసినది రుసుము గురించి కాదు. దేశంలోని యూపీఐ చెల్లింపులలో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఆ రెండు యాప్‌ల ద్వారానే జరుగుతున్నాయి. ఒక్కొక్క యాప్ వాటా 30 శాతానికి మించకూడదని యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2020లోనే పరిమితి పెట్టింది కానీ, దాని అమలు గడువును పొడిగిస్తూ పోయి చివరికి 2026 డిసెంబరు 31 వరకు తెచ్చింది. ఇటువంటి పరిమితి కాగితం మీద ఉండి అమలులోకి రాకపోవడం మంచిది కాదని నా గట్టి నమ్మకం. కాబట్టి గోడకు ఒకే స్టిక్కరు అంటించి ఊరుకోకుండా, మీ బ్యాంకు ఇచ్చే క్యూఆర్ కోడ్ కూడా ఒకటి పెట్టుకోండి. ఇంకొక సంగతి: డబ్బు రావడానికి పిన్ నంబరు కొట్టవలసిన అవసరం ఎన్నడూ లేదు. ఈ మోసం ఎక్కువ కావడం వల్లనే వ్యక్తి నుండి వ్యక్తికి పంపే ‘డబ్బు కోరే’ అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుండి ఆపివేశారు. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి.

ప్రశ్న: తోలుబొమ్మల దీపాలు, గోడ బొమ్మలు అమ్మడానికి ఒక పెద్ద సామాజిక మాధ్యమంలో పేజీ పెట్టుకున్నాను. ‘నిబంధనలను ఉల్లంఘించారు’ అన్న ఒక్క వాక్యంతో రాత్రికి రాత్రి దానిని తీసివేశారు. ఏ నిబంధనో చెప్పలేదు. ఎవరిని అడగాలి?
— ఒక కళాకారుడు, అనంతపురం

జవాబు: నిమ్మలకుంట తోలుబొమ్మల కళను పొట్ట కూటి కోసమే కాక గౌరవం కోసం కూడా నిలబెడుతున్న మీ వంటివారికి ఇలా జరగడం బాధ కలిగిస్తోంది. అడిగే హక్కు మీకు ఉంది. 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం ప్రతి పెద్ద సామాజిక మాధ్యమం మన దేశంలో నివసించే ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆయన పేరును, సంప్రదించే మార్గాన్ని తన వెబ్‌సైటులో ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటలలో తెలియజేయాలని, 15 రోజులలో పరిష్కరించాలని ఆ నియమాలు గడువు పెట్టాయి; పరిష్కార గడువును 2026 ఫిబ్రవరిలో 7 రోజులకు తగ్గించారు. యాప్‌లో కనబడే ‘అప్పీల్’ బటను నొక్కడంతో చాలామంది ఆగిపోతున్నారు. అది ఈ ఫిర్యాదుతో సమానం కాదు. ఫిర్యాదుల అధికారికే విడిగా రాయండి. పేజీ పేరు, తీసివేసిన తేదీ, వచ్చిన సందేశం ఫొటో, మీరు అమ్మే వస్తువుల ఫొటోలు జతచేసి, ఏ నిబంధన కింద తీసివేశారో చెప్పవలసిందిగా సూటిగా అడగండి.

జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు తృప్తిగా లేకపోయినా, కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ఏర్పాటు చేసిన ఫిర్యాదుల అప్పిలేట్ కమిటీకి వెళ్లవచ్చు. అప్పీలు అంతా ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది, ఢిల్లీకి పోవలసిన పని లేదు. అధికారి జవాబు అందిన నాటి నుండి 30 రోజులలోగా వేయాలన్న షరతు మాత్రం మరువకండి. చిన్న వ్యాపారులు ఎక్కువమంది ఓడిపోయేది న్యాయం లేక కాదు, తేదీ దాటిపోయి.

తోలుబొమ్మ అన్నప్పుడు జంతు చర్మం అన్న అనుమానంతో యంత్రం మీ పేజీని పట్టుకుని ఉండవచ్చన్నది నా ఊహ మాత్రమే. మీది మేక తోలైతే ఆ మాటను, ఈ కళకు భౌగోళిక గుర్తింపు ఉన్న సంగతిని ఫిర్యాదులో ఒక పేరాలో రాయండి. చదివేది మనిషే అయితే అది పనికి వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. జియో, ఎయిర్‌టెల్ వాళ్లు కృత్రిమ మేధ యాప్‌లను వేల రూపాయల విలువైనవని చెప్పి ఉచితంగా ఇస్తున్నారు. తీసుకోమంటారా?
— ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: 2025 జూలైలో ఎయిర్‌టెల్ తన ఖాతాదారులకు పెర్‌ప్లెక్సిటీ ప్రోను ఏడాదిపాటు, అక్టోబరు చివర జియో గూగుల్ జెమినీ ప్రోను 18 నెలలపాటు ఉచితంగా ప్రకటించాయి. నవంబరులో ఓపెన్ఏఐ కూడా చాట్‌జీపీటీ గో పథకాన్ని మన దేశంలో ఏడాది ఉచితం చేసింది. జియో పథకాన్ని మొదట తెరిచింది 18 నుండి 25 ఏళ్లవారికి. ఆ వయసులో అలవాటైనది చాలాకాలం వదలదని కంపెనీలకు బాగా తెలుసు.

ఉచితం అన్న మాట మనకు కొత్త కాదు. కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితంగా చూపే ఫ్రీ బేసిక్స్ పథకాన్ని ఫేస్‌బుక్ తెచ్చినప్పుడు దేశమంతా చర్చ జరిగి, 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అటువంటి వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధించింది. నేటి పథకాలు అచ్చంగా అదే కాదు, ఎందుకంటే మిగిలిన ఇంటర్నెట్‌ను ఇవి మూయడం లేదు. కానీ డబ్బున్న కంపెనీ ఉచితంగా ఇస్తుంటే చిన్న కంపెనీ ఎలా అమ్ముకోగలదన్న ప్రశ్న అప్పటిలాగే ఇప్పుడూ ఉంది.

మీ అబ్బాయి విషయానికి వస్తే, చదువులో సందేహం తీర్చుకోవడానికి వాడుకోనివ్వండి, కానీ మూడు జాగ్రత్తలు పాటించండి. ఉచిత కాలం ముగిసే తేదీని క్యాలెండరులో రాసుకోండి. ఆటోపే అడిగితే మీ ఖాతా ఇవ్వకండి, ఇప్పటికే ఇచ్చి ఉంటే డబ్బు కోసే 24 గంటల ముందు వచ్చే సందేశాన్ని గమనిస్తూ ఉండండి. ఇంటి సంగతులు, ఆరోగ్య వివరాలు, ఆధార్ ఫొటోలు అందులో పెట్టవద్దని చెప్పండి. మెటా అయితే తన కృత్రిమ మేధతో జరిపే సంభాషణలను 2025 డిసెంబరు 16 నుండి ప్రకటనలు ఎంచడానికి వాడుకుంటామని ముందే ప్రకటించింది. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారాన్ని నిర్ధారించుకోవాలని, పిల్లల కదలికలను గమనించి వారికి గురిపెట్టిన ప్రకటనలు చూపకూడదని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, కానీ ముఖ్యమైన బాధ్యతలకు కంపెనీలకు 18 నెలల గడువు ఇచ్చారు. పిల్లల విషయంలో అంత గడువు అవసరం లేదని నేను అనుకుంటున్నాను. ఈలోగా ఆ కాపలా ఇంట్లోవారే కాయాలి.

ప్రశ్న: విశాఖలో గూగుల్ పెట్టే డేటా సెంటర్ వల్ల మన రాయలసీమకు ఏమైనా ఉపయోగం ఉంటుందా?
— నిరుద్యోగ ఇంజనీరు, ఓర్వకల్లు

జవాబు: 2025 అక్టోబరు 14న ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అని గూగుల్ ప్రకటించిన మాట వాస్తవం, అదానీకనెక్స్, ఎయిర్‌టెల్ దానిలో భాగస్వాములు. అయితే డేటా సెంటర్ (ఇంటర్నెట్ సేవలను నడిపే కంప్యూటర్లను పెద్ద సంఖ్యలో ఉంచే కేంద్రం) కట్టేటప్పుడు కావలసినంతమంది నడిపేటప్పుడు అవసరం ఉండరు. అది మనుషులకన్నా విద్యుత్తును, నీటిని ఎక్కువగా అడిగే పరిశ్రమ. మన సీమకు సంబంధం అక్కడే ఉంది. మీ ఓర్వకల్లు, గడివేముల మండలాలలో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. సీమ ఎండను, సీమ భూమిని నమ్ముకుని మరిన్ని పార్కులు రావచ్చు. అప్పుడు భూమి ఇచ్చిన రైతుకు కౌలు ఎంత, ఎన్నేళ్లకు, సౌర పలకలు కడగడానికి నీరు ఎక్కడి నుండి, నిర్వహణ పనులలో స్థానికులు ఎందరు అన్న ప్రశ్నలు ముందుగానే అడగాలి. ప్రభుత్వం వద్ద ఉన్న ఒప్పందాల వివరాలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో కోరవచ్చు, 30 రోజులలో జవాబు రావాలి. మీరు ఇంజనీరు కాబట్టి విద్యుత్ లెక్కలు చదవగలరు. దరఖాస్తు రాసి పంపండి, వచ్చిన జవాబు నకలును ఈ శీర్షికకు కూడా పంపితే వచ్చే సంచికలో ప్రచురిస్తాము.